‘స్పీడీ’: పద్నాలుగు చిన్న ఫిరంగుల ఓడ, ఇరవై నాలుగేళ్ల కొలువు

తెరచాప_నీడ | 3 మే, రాత్రి 9:12

నౌకాయుద్ధాల మాట వస్తే మనం నూరు ఫిరంగుల మూడంతస్తుల ఓడల దగ్గరే ఆగిపోతాం. నన్ను మాత్రం కొన్నాళ్లుగా ఒక చిన్న ఓడ వదలడం లేదు. పేరు ‘స్పీడీ’. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన బ్రిగ్, అంటే రెండు కొయ్యల తెరచాప ఓడ. 1782 జూన్ 29న డోవర్‌లో నీళ్లలోకి దిగింది. కట్టినవాడు థామస్ కింగ్. పొడవు 78 అడుగులు, వెడల్పు 26 అడుగులకు కాస్త తక్కువ. నాలుగు పౌండ్ల గుండు వేసే ఫిరంగులు పద్నాలుగు. నిండు సిబ్బంది తొంభై మంది.

ఈ ఓడ పేరు ఎక్కడ చదివినా థామస్ కాక్రేన్ అనే బ్రిటిష్ నౌకాధికారి దీన్ని ఏలిన పదమూడు నెలల గురించే ఉంటుంది. ఆ పదమూడు నెలలు గొప్పవే, కాదనను. అయితే దాని కొలువు అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. 1794 జూన్‌లో నీస్ తీరం దగ్గర ఫ్రెంచివారికి చిక్కింది. 1795 మార్చిలో ‘ఇన్‌కాన్‌స్టంట్’ అనే ఫ్రిగేట్ (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక) దాన్ని మళ్లీ పట్టి తెచ్చింది. 1798 ఫిబ్రవరిలో హ్యూ డౌన్‌మన్ నాయకత్వంలో వీగో దగ్గర ‘పపియాన్’ అనే ఫ్రెంచి ప్రైవేటు యుద్ధనౌకతో తలపడింది. 1799 నవంబరులో జాలీల్ బ్రెంటన్ దీని కమాండర్. జిబ్రాల్టర్ ఎదుట స్పానిష్ ఫిరంగి పడవలు చుట్టుముడితే, వెంట ఉన్న రవాణా ఓడను కాపాడటానికి వాటికి అడ్డంగా నిలబడింది. పోరు ముగిసేసరికి ఒంటి నిండా గుండ్ల రంధ్రాలు. వాటిని పూడ్చుకోవడానికి మొరాకో తీరంలోని టెటువాన్ అఖాతం దాకా పోవలసి వచ్చింది.

కాక్రేన్ 1800 వసంతంలో మినోర్కా ద్వీపంలోని పోర్ట్ మాహోన్ రేవులో ఈ ఓడను చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి అతని వయసు ఇరవై నాలుగు. ఓడను చూసి మొదట నిరాశపడ్డాడు. ఒక వైపు ఉన్న ఏడు ఫిరంగుల గుండ్లన్నీ కోటు జేబుల్లో వేసుకుని డెక్కు మీద పచార్లు చేయవచ్చని రాసుకున్నాడు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది పౌండ్లు, అంటే పన్నెండు పదమూడు కిలోలు. అతని గది ఎత్తు ఐదు అడుగులే. మనిషి ఆరడుగులు దాటినవాడు. గడ్డం గీసుకోవాలంటే పైకప్పు కిటికీలోంచి తల బయటికి పెట్టి, డెక్కునే బల్లగా చేసుకుని అద్దం, సబ్బు దానిమీద పెట్టుకునేవాడు.

రేపు ‘ఎల్ గామో’ అనే స్పానిష్ యుద్ధనౌకతో పోరు గురించి రాస్తాను. ఈలోగా ఎవరికి ఏది తెలిసినా చేర్చండి.

---

కోరంగి_కొయ్య | 3 మే, రాత్రి 10:40

మాది తాళ్లరేవు దగ్గర. మా తాతల కాలం నుంచి చెక్క పడవల పని. మీరు ఇచ్చిన కొలతలు చూడగానే చేతులు దురద పెట్టాయి.

ఇలాంటి ఓడ మీద బరువు ఎక్కడ పెడతామన్నదే ప్రాణం. కాక్రేన్ పన్నెండు పౌండ్ల ఫిరంగులు రెండు తెప్పించి, ఒకటి అణియంలో (ముందుభాగంలో), ఒకటి అమరంలో (వెనకభాగంలో) పెట్టి చూశాడని చదివాను. పేలిస్తే డెక్కు చెక్క తట్టుకోలేదు, పక్కన మనిషి నిలబడి పనిచేయడానికి చోటూ చాలలేదు. తిరిగి ఇచ్చేశాడు. అలాగే జరుగుతుంది మరి. ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను ముందు తాళ్ల మీద పడుతుంది, తాళ్ల నుంచి పక్క చెక్కలకు, అక్కడి నుంచి వంకులకు, అంటే ఓడ పక్కటెముకల్లాంటి చెక్కలకు, పాకుతుంది. నాలుగు పౌండ్ల ఫిరంగి కోసం వేసిన వంకులు పన్నెండు పౌండ్ల దాన్ని ఎన్నాళ్లు మోస్తాయి? మేం పడవకు పెద్ద ఇంజను పెట్టమని అడిగేవాళ్లకు చెప్పేదీ ఇదే మాట.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఓడకు పెద్ద తెరచాపను కట్టే అడ్డదూలం మార్చవలసి వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు పట్టుబడ్డ ‘జెనెరూ’ అనే 74 ఫిరంగుల ఫ్రెంచి ఓడను మాహోన్‌కు నడిపించి తెచ్చింది కాక్రేనే. దాని ముందు కొయ్య పైభాగాన ఉండే చిన్న అడ్డదూలం తెచ్చి, ‘స్పీడీ’కి ప్రధాన దూలంగా కట్టాడు. పెద్ద ఓడలో చిన్నది, చిన్న ఓడలో అతి పెద్దది! ఓడల మరమ్మతు శాల అధికారులు చూసి, ఇది మరీ పొడవు, కొసలు కోయాలన్నారు. అతను కొసలను పైపైన చిత్రిక పట్టించి, కొత్తగా కోసినట్టు కనిపించేలా చేశాడు. పొడవు పొడవుగానే ఉంది. ఎక్కువ గుడ్డ కట్టుకుని పరుగు తీయగలిగింది.

---

గోదావరి_గట్టు | 4 మే, ఉదయం 7:05

చర్చ బాగుంది. అయితే ఒక అభ్యంతరం. ఈ కథల్లో చాలావరకు కాక్రేన్ ఎనభై ఏళ్లు దాటాక రాసుకున్న జ్ఞాపకాల నుంచి వస్తున్నాయి. ఓడ పరిమాణం 158 టన్నులని ఆయన రాశాడు. కట్టిన కొలతల ప్రకారం లెక్క వేస్తే 208 దగ్గరికి వస్తుంది. అరవై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుంటూ తన ఓడను ఇంకా చిన్నది చేసుకున్నాడేమో. ఆయన మాటను ఎంతవరకు పట్టుకోవచ్చు?

---

తెరచాప_నీడ | 4 మే, ఉదయం 8:30

న్యాయమైన ప్రశ్న. నేను పెట్టుకున్న నియమం ఇది: లెక్కలకు పోరు జరిగిన రోజుల్లో పంపిన అధికారిక లేఖలే ఆధారం. గడ్డం గీసుకోవడం, దూలం కొసలు లాంటివాటికి ఆయన జ్ఞాపకాలు. మొదటివి తప్పితే చరిత్ర తప్పుతుంది. రెండోవి కాస్త అటూ ఇటూ అయినా ఓడ లోపలి ఇరుకు అబద్ధం కాదు. గది ఎత్తు ఐదు అడుగులు అన్నది ఆ తరహా బ్రిగ్‌లకు సహజమైనదే.

---

తెరచాప_నీడ | 4 మే, రాత్రి 9:50

మాట ఇచ్చినట్టు ‘ఎల్ గామో’. దీనికి ముందు 1800 డిసెంబరులో జరిగింది ఒకటి చెప్పాలి.

స్పెయిన్ తీరంలో ‘స్పీడీ’ చేస్తున్న అల్లరికి విసిగి, స్పానిష్ వారు దీన్ని పట్టడానికే ఓడలను పంపారు. కాక్రేన్‌కు ఆ అనుమానం ముందే ఉంది. ఆ సముద్రంలో వ్యాపారం చేసే ‘క్లోమర్’ అనే డెన్మార్క్ బ్రిగ్‌లా తన ఓడకు రంగులు వేయించాడు, డానిష్ భాష తెలిసిన ఒకతన్ని సిబ్బందిలోకి తీసుకున్నాడు. ఒక రోజు సరుకుల ఓడ అనుకుని దగ్గరికి వెళితే అది మారువేషంలో ఉన్న పెద్ద ఫ్రిగేట్. పారిపోవడానికి దారి లేదు. డెన్మార్క్ జెండా ఎగరేశాడు. తనిఖీకి పడవ వస్తుంటే, అంటురోగం ఉందని చెప్పే పసుపు జెండా కూడా పైకి లాగాడు. తాము ప్లేగు ఉన్న ఉత్తరాఫ్రికా రేవు నుంచి వస్తున్నామని డానిష్ యాసలో చెప్పించాడు. పడవ వచ్చిన దారినే పోయింది. ప్రాణాలు దక్కినందుకు సంతోషించవలసింది పోయి, పోరాడనివ్వలేదని సిబ్బందిలో కొందరు గొణుక్కున్నారు. ఇంకోసారి అలాంటి అవకాశం వస్తే వదలనని అతను మాట ఇచ్చాడు.

1801 మే 6. బార్సిలోనా తీరం. తెల్లవారేసరికి ఎదురుగా ‘ఎల్ గామో’, 32 ఫిరంగుల స్పానిష్ జెబెక్ ఫ్రిగేట్ (జెబెక్ అంటే మధ్యధరా సముద్రపు ఒక రకం తెరచాప ఓడ). అందులో 319 మంది. పట్టిన ఓడలను రేవుకు తీసుకెళ్లడానికి మనుషులను పంపి పంపి, ‘స్పీడీ’లో మిగిలింది 54 మంది. అటువైపు ఒక్క విడత కాల్పుల్లో పడే ఇనుము సుమారు 190 పౌండ్లు. ఇటువైపు 28.

కాక్రేన్ ముందు అమెరికా జెండా ఎగరేశాడు. అటువాళ్లు తటపటాయించేలోగా ఓడను రెండో వైపుకు తిప్పి, అప్పుడు బ్రిటిష్ జెండా ఎత్తాడు. రెండు విడతల గుండ్లు మీద పడుతున్నా తన ఫిరంగులు పేల్చనివ్వలేదు. ఒక్కో ఫిరంగిలో మూడేసి గుండ్లు దట్టించి ఆగమన్నాడు. నేరుగా వెళ్లి ‘గామో’ పక్కకు ఒరిగాడు. తన అడ్డదూలాలు ఆ ఓడ తాళ్లలో చిక్కుకునేంత దగ్గరగా.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే. ‘గామో’ ఎత్తైన ఓడ. దాని ఫిరంగులు ఎంత కిందికి వంచినా గుండ్లు ‘స్పీడీ’ డెక్కు మీదుగా, తెరచాపల్లోంచి పోతున్నాయి. ‘స్పీడీ’ ఫిరంగులు మాత్రం కింది నుంచి పైకి, శత్రువు డెక్కును చీల్చుకుంటూ పేలుతున్నాయి. మొదటి విడతలోనే ‘గామో’ కెప్టెన్ ఫ్రాన్సిస్కో దె తోరెస్ నేలకొరిగాడు. స్పానిష్ వారు గుంపుగా ఇటు దూకబోయిన ప్రతిసారీ కాక్రేన్ ఓడను కాస్త దూరం జరిపి, దూకడానికి సిద్ధంగా నిలబడ్డవారి మీద కాల్పులు జరిపి, మళ్లీ ఆనించేవాడు.

ఇలా ఎంతసేపో సాగదని అతనికి తెలుసు. తాళ్లు, తెరచాపలు చిరిగిపోతున్నాయి. చివరికి అందరినీ వెంటబెట్టుకుని అవతలి ఓడ మీదికి దూకాడు. చుక్కాని పట్టడానికి వైద్యుడు జేమ్స్ గత్రీ ఒక్కడే ‘స్పీడీ’లో మిగిలాడు. కొందరు ముఖాలకు మసి పూసుకుని ముందుభాగం నుంచి ఎక్కారు. పొగలోంచి ఆ నల్లటి ముఖాలు కనిపించేసరికి అటువాళ్లు ఒక్క క్షణం కొయ్యబారారు. పోరు జోరుగా ఉండగా కాక్రేన్ వెనక్కి తిరిగి, ఇంకో యాభై మందిని పంపమని వైద్యుడికి కేకవేశాడు. పంపడానికి అక్కడ ఎవరూ లేరు. ఇంతలో ఒక మనిషిని పంపి స్పానిష్ జెండాను కిందికి దింపించాడు. జెండా దిగడం చూసి, తమ అధికారులే లొంగిపోయారనుకుని వాళ్లు ఆయుధాలు వదిలేశారు.

అటు 15 మంది చనిపోయారు, 41 మంది గాయపడ్డారు. ఇటు ముగ్గురు చనిపోయారు. లెఫ్టినెంట్ విలియం పార్కర్‌కు తీవ్ర గాయాలు. తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువైన బందీలను ఓడ అడుగు అరలోకి దించి, ఫిరంగుల నోళ్లు కిందికి తిప్పి పెట్టి, అలాగే మాహోన్ దాకా తీసుకువచ్చారు.

---

ఎబ్రో_ఒడ్డున | 5 మే, ఉదయం 4:20

ఉద్యోగం వల్ల ఆరేళ్లుగా స్పెయిన్‌లో ఉంటున్నాను. కిందటి వేసవిలో మాహోన్ వెళ్లాం. ఆ రేవు సన్నగా, పొడుగ్గా, కొండల మధ్య నదిలా కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోతుంది. మిగిలిన యాభై చిల్లర మంది ఆ రెండు ఓడలను దాని మూతిలోంచి లోపలికి ఎలా నడిపి తెచ్చారో అని అప్పుడు ఆలోచించలేదు, మీ టపా చదివాక ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ‘గామో’ మనుషులు పిరికివారన్నట్టు కొందరు రాస్తుంటారు. అది అన్యాయం. మొదటి విడతలోనే కెప్టెన్ పోయాడు. ఆజ్ఞ ఇచ్చేవాడు లేక, పొగలో ఎదుటివారు ఎందరో తెలియక, తలపైన తమ జెండా దిగిపోవడం చూసినవారు వాళ్లు. ఒకటికి రెండుసార్లు ఎదురెక్కడానికి ప్రయత్నించారు కూడా. మే 6 గురించి రాసేటప్పుడు ఆ పదిహేను మందినీ తలచుకోవాలి.

---

తెరచాప_నీడ | 5 మే, ఉదయం 8:02

నిజం. మీరు చెప్పాక నా టపా మళ్లీ చదువుకున్నాను. వాళ్ల వైపు నిలబడి ఒక్క వాక్యమూ రాయలేదు. ధన్యవాదాలు.

---

మల్లిక_పాఠం | 5 మే, సాయంత్రం 6:35

నేను చరిత్ర చెప్పే ఉపాధ్యాయురాలిని. ఈ కథలో నా మనసు ఆగిపోయేది పార్కర్ దగ్గర.

గెలిచిన వార్త వెళ్లాక మామూలుగా అయితే కమాండర్‌కు పూర్తి కెప్టెన్ హోదా, లెఫ్టినెంట్‌కు కమాండర్ హోదా వెంటనే రావాలి. కాక్రేన్ హోదా ఆగస్టు దాకా నానింది. పార్కర్‌కు ఏమీ రాలేదు. కాక్రేన్ పట్టువదలకుండా లేఖలు రాశాడు. ‘స్పీడీ’లో చనిపోయినవారి సంఖ్య తక్కువ కాబట్టి ఆ విన్నపానికి తగిన ఆధారం లేదని నౌకాదళ పాలక మండలి జవాబిచ్చింది. దాని అధిపతి సెయింట్ విన్సెంట్ ప్రభువు. ఆయనకు ఆ బిరుదు తెచ్చిపెట్టిన 1797 నాటి యుద్ధంలో ఆయన ఓడ ‘విక్టరీ’ మీద చనిపోయింది ఒక్కరే. కాక్రేన్ సరిగ్గా ఆ మాటే తిరిగి రాశాడు. మాట నిజం. కానీ పై అధికారికి రాయవలసిన మాట కాదు. పార్కర్‌కు తలుపు మరింత గట్టిగా మూసుకుంది.

తక్కువ మంది చావడం తక్కువ గొప్పతనమా? తన మనుషులను బతికించుకున్న నాయకుడికి దక్కిన జవాబు ఇది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కాక్రేన్ రాసుకున్న ప్రకారం చాలా ఏళ్ల తర్వాత పార్కర్‌కు కమాండర్ హోదా ఇచ్చి, వెస్టిండీస్‌లో ‘రెయిన్‌బో’ అనే ఓడకు వెళ్లమన్నారు. ఉన్న వ్యవసాయ భూమి వదులుకుని సముద్రం దాటి వెళితే, అక్కడ ఆ పేరు గల ఓడే లేదు. తిరిగి వచ్చాక కోలుకోలేకపోయాడు.

---

గోదావరి_గట్టు | 5 మే, రాత్రి 8:15

పార్కర్ సంగతి తెలియదు. చదివి బాధ కలిగింది.

‘గామో’ను ఏం చేశారు? బ్రిటిష్ దళంలోకి తీసుకుని కాక్రేన్‌కే ఇచ్చి ఉంటే?

---

మల్లిక_పాఠం | 5 మే, రాత్రి 8:50

అతనూ అదే ఆశించాడు. తీసుకోలేదు. తక్కువ ధరకు అల్జీర్స్ వారికి అమ్మేశారు. అతను మళ్లీ ‘స్పీడీ’ ఎక్కాడు.

---

కోరంగి_కొయ్య | 5 మే, రాత్రి 11:10

ఓడ చివరికి ఎలా పట్టుబడిందో ఎవరైనా రాయండి. రెండేళ్లు అంత తెలివిగా తప్పించుకున్న ఓడ!

---

తెరచాప_నీడ | 6 మే, రాత్రి 9:20

రెండేళ్లు కాదు, కాక్రేన్ చేతిలో పదమూడు నెలలే. ఆ పదమూడు నెలల్లో పట్టిన ఓడలు యాభైకి పైగా, ఫిరంగులు 122, బందీలు 534.

పట్టించింది మంట. 1801 జూలై మొదట్లో జిబ్రాల్టర్‌కు వెళ్లే తపాలా ఓడకు కాపలాగా పోతూ, అలికాంటే దగ్గర ఒడ్డున కొన్ని సరుకుల ఓడలు కనిపిస్తే తగలబెట్టారు. ఆ వెలుగు రాత్రంతా సముద్రం మీద కనిపించింది. దూరంగా పోతున్న మూడు పెద్ద ఫ్రెంచి ఓడలు అదేమిటో చూద్దామని ఇటు తిరిగాయి: ‘ఫార్మిడబుల్’, ‘ఇందొంతాబుల్’, ‘దెసే’. జూలై 3 తెల్లవారేసరికి ఎదురుగా నిలిచాయి.

కాక్రేన్ గంటల తరబడి తప్పించుకున్నాడు. ఫిరంగులన్నీ సముద్రంలోకి తోసేశాడు, నిల్వలు పారేశాడు. రెండు ఓడల నడుమ నుంచి దూరి బయటపడే ప్రయత్నమూ చేశాడు. ‘దెసే’ వెంబడించి, తుపాకి దూరంలోకి వచ్చి ఒక్కసారిగా పేల్చింది. ఓడ వేగంగా తిరుగుతూ ఉండటంతో గుండ్లలో ఎక్కువ భాగం పక్కనున్న నీళ్లను దున్నాయి. రెండో విడత తప్పదని తెలిసి జెండా దింపాడు. ‘దెసే’ కెప్టెన్ క్రిస్తీ-పలియేర్ అతని కత్తిని తీసుకోలేదు. అసాధ్యంతో ఇన్ని గంటలు పోరాడిన మనిషి కత్తి తీసుకోనని, అది నడుముకే ఉండనివ్వమని అన్నాడు. మూడు రోజుల తర్వాత జిబ్రాల్టర్ ఎదుటి అల్జెసిరాస్ దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి దళాల మధ్య జరిగిన యుద్ధాన్ని కాక్రేన్ ఆ ఓడ మీద బందీగా ఉండి చూశాడు. తర్వాత బందీల మార్పిడిలో విడుదలయ్యాడు. ఓడ పోగొట్టుకున్నందుకు నియమం ప్రకారం జిబ్రాల్టర్‌లో ‘పాంపే’ అనే ఓడ మీద జూలై 18న విచారణ జరిపి, నిర్దోషి అని తేల్చారు.

‘స్పీడీ’ కొలువు అప్పటికీ అయిపోలేదు. 1802 డిసెంబరులో నెపోలియన్ దాన్ని ఏడవ పయస్ పోపుకు కానుకగా ఇచ్చాడు. ‘సాన్ పావొలో’ అనే పేరుతో పోపు నౌకాదళంలో పనిచేసి, 1806 ప్రాంతంలో జాబితా నుంచి తొలగింది.

---

రేవు_పక్క_ఇల్లు | 7 మే, ఉదయం 6:48

ఈ చర్చ మొదటి రోజు నుంచి చదువుతున్నాను. నిన్నటి టపా చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మూడు ఫ్రెంచి ఓడల దళానికి అధిపతి లినువా. అవునా? మాది విశాఖ పాత నగరం. మా ఊరి వాళ్లకు ఆ పేరు వేరే కారణంగా తెలియాలి. 1804 సెప్టెంబరులో ‘మరెంగో’ అనే 74 ఫిరంగుల ఓడ, రెండు ఫ్రిగేట్లు తీసుకుని విశాఖ రేవు మీదికి వచ్చింది ఆ లినువాయే. అప్పుడు ఇక్కడ లంగరు వేసి ఉన్నది ‘సెంచూరియన్’ అనే పాత బ్రిటిష్ ఓడ, దాని కాపలాలో రెండు వ్యాపార ఓడలు. ‘సెంచూరియన్’ కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఓడను నడిపింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. ‘బార్నబీ’ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది. ‘ప్రిన్సెస్ షార్లట్’ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు. ‘సెంచూరియన్’ మాత్రం చితికిపోయినా లొంగలేదు. లోతు తక్కువ నీళ్లలోకి ‘మరెంగో’ను మరీ దగ్గరగా తేవడానికి లినువా వెనకాడి, చివరికి వెళ్లిపోయాడు.

---

తెరచాప_నీడ | 7 మే, ఉదయం 7:30

అవును, అతనే! ఇన్నాళ్లు చదువుతూ ఈ రెండు ముడులనూ నేను కలపలేదు. స్పెయిన్ తీరంలో ‘స్పీడీ’ని పట్టిన దళపతే మూడేళ్లకు మన తీరానికి వచ్చాడు.

మీరు అన్నాక ఇంకొకటి గుర్తొచ్చింది. అదే 1804 ఫిబ్రవరిలో పులో ఔరా దీవి దగ్గర చైనా నుంచి వస్తున్న ఈస్టిండియా కంపెనీ వ్యాపార ఓడల బారును లినువా అడ్డగించాడు. ఆ సరుకుల ఓడలు యుద్ధనౌకల్లా వేషం కట్టి, బారులు తీరి ఎదురొచ్చేసరికి వెనక్కి తగ్గాడు. ‘స్పీడీ’ యుద్ధనౌక అయి ఉండి సరుకుల ఓడలా కనిపించింది, అక్కడ సరుకుల ఓడలు యుద్ధనౌకల్లా కనిపించాయి. విశాఖకు అతను ఆ దెబ్బ తిన్న ఏడు నెలలకు వచ్చాడు. అంత జాగ్రత్త ఎందుకు పడ్డాడో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది.

మీరు వీలుచూసుకుని ‘సెంచూరియన్’ మీద వేరే చర్చ మొదలుపెట్టండి. మొదటి పాఠకుణ్ణి నేనే.

---

రేవు_పక్క_ఇల్లు | 7 మే, ఉదయం 7:41

తప్పకుండా. ఈ ఆదివారం మొదలుపెడతాను.

---

కోరంగి_కొయ్య | 7 మే, రాత్రి 10:05

నేను ‘స్పీడీ’ నమూనా చెక్కడం మొదలుపెట్టాను. అడుగుకు పావు అంగుళం చొప్పున పొడవు పంతొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది. ఓడ పక్కల ఆకారం గీసిన బొమ్మను మల్లికగారికి, ఎబ్రోగారికి కూడా ఫోటో తీసి పంపుతాను. మూల కొయ్యకు టేకు ముక్క దొరికింది. ఫిరంగులు ఇత్తడి ఊచలతో తిప్పిస్తున్నాను, ఒక్కోటి చిటికెన వేలంత కూడా లేదు. ప్రధాన దూలం మాత్రం కావాలనే కాస్త పొడుగ్గా ఉంచి, కొసల దగ్గర చిత్రిక పట్టిన గుర్తు కనిపించేలా వదిలేస్తాను.